గాజుగొట్టం ముందు గంటసేపు

నిన్న పొద్దున ఒక కుర్రాడు ఇంటికే వచ్చి నా చేతి నుంచి కాస్త రక్తం తీసుకువెళ్లాడు. సాయంత్రం కల్లా ఒంట్లో వాపు సంగతి చెప్పే ఇ.ఎస్.ఆర్. ఇంత, సి.ఆర్.పి. ఇంత అంటూ కోడలి ఫోనులోకి వచ్చేసింది. అది చదివి ఆ పిల్ల ఒక్క ప్రశ్న వేయకుండా నా చేతిలోని చపాతీ కర్ర లాక్కుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. సంతోషించాల్సిన మాటే, కానీ నాకు ఒళ్లు మండిపోయింది. కోడలి మీద కాదు, ఏనాడో పోయిన మా ఇంటి పెద్దల మీద.

మాది కొడవలూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం. నాయనకు అక్క, అంటే మా మేనత్త, చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి ఇంటి పెత్తనమంతా చేతిలోకి తీసుకుంది. ఆమె మాటకు నాయన ఎదురు చెప్పగా నేను చూడలేదు. అమ్మకు ముప్పై దాటీ దాటకుండానే కీళ్లవాతం పట్టుకుంది. తెల్లారి లేస్తే వేళ్లు కొయ్యబారిపోయి కవ్వం తాడు చేతికి చిక్కేది కాదు, జాకెట్టు హుక్కులు నేను పెట్టాల్సి వచ్చేది, ఎండెక్కే కొద్దీ పట్టు సడలి మధ్యాహ్నానికి మామూలు మనిషిలా తిరిగేది. అదే ఆమె నేరమైంది. చల్ల చిలికే వేళకు వచ్చి అన్నం వేళకు పోయే రోగాన్ని ఎక్కడా చూడలేదని మేనత్త వీధంతా వినబడేలా అనేది, నాట్లకు వచ్చిన ఆడవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. అమ్మ తలొంచుకుని, తాడును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని చిలికేది.

చివరికి పంతొమ్మిదివందల యాభైల ఆఖర్లో నాయన ఆమెను నెల్లూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నాటకం బయటపడుతుందని మేనత్త కూడా బస్సెక్కింది. అమ్మకు చీర సర్దడానికి నన్నూ వెంటబెట్టుకున్నారు. అప్పటి ఇ.ఎస్.ఆర్. పరీక్ష మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, సన్నటి పొడుగాటి గాజుగొట్టంలోకి ఎక్కించి, స్టాండులో నిటారుగా గంటసేపు నిలబెట్టేవాళ్లు. ఎరుపు కిందికి దిగి పైన పచ్చటి నీరు తేలేది. ఎంత ఎక్కువ దిగితే ఒంట్లో వాపు అంత ఎక్కువన్నమాట. మేనత్త ఆ గంటా గొట్టానికి ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూసింది. నేను ఇంకా దిగాలి, ఇంకా దిగాలి అని లోలోపల దండాలు పెట్టుకున్నాను, దిగితేనే కదా అమ్మ మాట నిజమని తేలేది! దిగింది. జబ్బు ముదురుతోంది, చేతులకు విశ్రాంతి కావాలని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

కానీ మేనత్త పుట్టి బుద్ధెరిగాక చూసిందంతా పాలూ పెరుగే. తిరుగు బస్సులో నాయనకు తేల్చి చెప్పేసింది.

“చూస్తివా తమ్ముడా? కదపకుండా పెడితే పెరుగు మీద తేలినట్టే నీళ్లు తేలినాయి. ఒళ్లొంచకుంటే రక్తమైనా అంతే. దీనికి కావాల్సింది మందు కాదు, పని.”

నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొట్టాడు. మర్నాటి నుంచి చిలకడంతో పాటు వడ్లు దంచడం కూడా అమ్మ నెత్తిన పడింది. నా ఎస్సెల్సీ అయ్యేసరికి ఆమె వేళ్లు పక్కకు వంగిపోయి అన్నం ముద్ద కూడా నిలిచేది కాదు.

రక్తపరీక్షల శిక్షణకు నేను ఇష్టపడి చేరానని అందరూ అనుకున్నారు. పగబట్టి చేరాను. అరవైలలో నెల్లూరులోనే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్లకు మేనత్త మోకాళ్లు పట్టుకుని అక్కడికే వచ్చింది, తోడుగా వచ్చినవాళ్లు ఒకప్పుడు నవ్విన ఆ ఆడవాళ్లే. రక్తం తీసి, గొట్టం నిలబెట్టి, ఆమెను దాని ఎదురుగానే కూర్చోబెట్టాను. గంటయినా ఎరుపు దాదాపు ఉన్నచోటే ఉంది. అరిగిన మోకాళ్ల నొప్పి ఆ పరీక్షకు దొరకదని నాకు తెలుసు. ఆమె బాధ నిజమేననీ, డాక్టరు మందు ఇస్తాడనీ తెలుసు. తెలిసే అన్నాను.

“నీ రక్తంలో ఏం లేదత్తా. నీళ్లు కూడా తేల్లేదు. ఇంటికి పోయి పని చూసుకో.”

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేనత్త ముఖం మాడిపోయింది. అబద్ధం కాదనీ, రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదనీ గొంతు తగ్గించి వాళ్లకు చెప్పుకుంటూనే ఉంది. ఆ మాటలు ఆమె నోట వినాలనే నేను అన్నేళ్లు కాచుకుని ఉన్నాను, కడుపు నిండా విన్నాను.

ఆ ఆదివారం ఇంటికి పోయి వంటింట్లో అమ్మకు అంతా చెప్పాను. వదినను పల్లెత్తు మాట అనని మనిషి, చీవాట్లు పెడుతుందనే అనుకున్నాను. ఆమె ఆఖరిదాకా విని, వీధి తలుపు వైపు చూసింది.

“ఉండు పాపా, మీ నాయనను కూడా రానీ. ఆయన ముందర ఇంకోసారి చెప్పు.”

నాయన అన్నానికి కూర్చున్నాక మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు. అమ్మ ఆయననే చూస్తూ కూర్చుంది. మేనత్త మీద నా పగ ఆసుపత్రిలోనే తీరింది. నాయన మీద అమ్మది తీరిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఎవరూ గొట్టం ముందు కాపలా కూర్చోరు. ఫోనులో ఒక అంకె కనబడితే ఇల్లంతా నమ్ముతుంది, ఈ కాలపు ఆడపిల్లలకు ఆ మాత్రం సుఖం దక్కింది, దక్కనివ్వండి. అమ్మకూ ఆనాడు అంకె వచ్చింది, పక్కనే మొగుడూ ఉన్నాడు. ఆమె తరఫున ఒక్క మాట అనేవాళ్లే లేకపోయారు.