చప్పుడు లేని అడుగు

2009 ఫిబ్రవరి. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక చిన్న ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. మంచు పడుతుంటే ఊరంతా దూది కప్పుకుని పడుకున్నట్టుండేది. అలాంటి మధ్యాహ్నం సువర్చలగారు కుంటుతూ వచ్చారు. వయసు నలభై నాలుగు. పెళ్ళితో ఆగిన కూచిపూడిని మళ్ళీ నేర్చుకుంటున్నారు. మే నెలలో రంగప్రవేశం. ఆర్చ్, అంటే అరికాలి మధ్య వంపు, మంటెత్తిపోతోందట.

"ఏప్రిల్‌కల్లా తగ్గకపోతే క్యాన్సిల్ చేద్దామన్నారండీ మా టీచర్. మళ్ళీ నాకీ ధైర్యం రాదు" అన్నారు.

బూట్లలో పెట్టుకునే ఆర్చ్ సపోర్ట్‌లు ఇచ్చి పంపాను. వారం తర్వాత ఆవిడ నెమ్మదిగా, "ఇవి డ్యాన్స్‌లో ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అన్నారు. ఉత్త కాళ్ళతో ఆడే మనిషికి బూట్ల వైద్యం! నా తెలివి తెల్లారినట్టే ఉంది. వంపుకు ఆసరాగా అరికాలికి టేప్ వేశాను. వేళ్ళు ముడవకుండా బొటనవేలి మొదలును మడమవైపు లాగి వంపును లేపే షార్ట్ ఫుట్ వ్యాయామం నేర్పాను. నొప్పి కొంచెం తగ్గింది, మళ్ళీ వచ్చింది.

మార్చిలో విసుగొచ్చి, "ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి" అన్నాను. ఆవిడ చున్నీ నడుముకు బిగించి మా చెక్క నేలమీద ఆడారు. ఒక్క చప్పుడు లేదు. కలలో ఎవరో ఆడుతున్నట్టుంది. పని మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. అంతలో చూపు పాదాలమీద పడింది. మడమ ఆనడం లేదు. వేళ్ళు నేలను గట్టిగా పట్టుకుంటున్నాయి, భారమంతా వంపుమీదే.

"అడుగు గట్టిగా వెయ్యరేంటండీ?"

"మాది సెకండ్ ఫ్లోర్ కదండీ. కింది ఇంటి పెద్దావిడ ఒకసారి పైకొచ్చి ఆపమంది. అప్పట్నుంచి ఇలాగే. గజ్జెలు కూడా సంచిలోంచి తియ్యను."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"ఇక్కడ కింద ఎవరూ లేరు, ఉత్త మట్టే. మెల్లగా, పాదమంతా ఆనించి వెయ్యండి" అన్నాను. మొదటి అడుగు చప్పుడుకు ఆవిడే ఉలిక్కిపడ్డారు.

ఆపైన రోజూ లంచ్ టైమ్‌లో మా దగ్గరే ప్రాక్టీస్. ఏప్రిల్ చివరికి టేప్ అవసరం లేకపోయింది.

రంగప్రవేశం నాడు నా పక్క సీట్లో ఒక తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ కూర్చుంది. సువర్చలగారి కింది ఇంట్లో ఉంటానని చెప్పింది. పిలిస్తే వచ్చిందట. స్టేజీమీద గజ్జెలు ఘల్లుమన్నాయి, అడుగు మోగింది. ఆవిడ నావైపు వంగి ఇంగ్లిష్‌లో అంది: "ఆ రోజు నాకు తలనొప్పి. ఆ ఒక్క సాయంత్రానికే ఆపమన్నాను. పాపం, ఎందుకు మానేసిందా అనుకుంటూనే ఉన్నాను."

ఇప్పుడు పాదం నొప్పితో ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడని తర్వాత అడుగుతాను. ముందు, మీరు ఏ ఫ్లోర్‌లో ఉంటారని అడుగుతాను.