జంపఖానాలతో ఆర్పిన మంట

నిన్న సాయంత్రం సిద్దిపేట నుంచి నంగునూరు వైపు బస్సులో వస్తుంటే, కిటికీలోంచి కాలిన గడ్డి కమురు వాసన వచ్చింది. ఎవరో పొలం గట్టు మీద చెత్త తగలబెట్టినట్టున్నారు. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం బాలమణక్క గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లయింది.

బాలమణక్క సిద్దిపేటలో టెంట్ హౌస్ నడిపేది. భర్త చనిపోయాక మూసేయమని అందరూ చెప్పినా వినలేదు. నా భర్త దుబాయి వెళ్లిన ఏడాది నేను ఆమె దగ్గర బుకింగులు చూసే పనిలో చేరాను. నలుగురి ముందు బెరుకు లేకుండా మాట్లాడడం నాకు అక్కడే అలవాటైంది. ఊరి బయట మోదుగలు, తునికి చెట్లు, తంగేడు పొదలు ఉన్న చిన్న అడవి ఉంది. ఒక కార్తీకమాసంలో అక్కడ వనభోజనాలకు వెళ్లినవాళ్లు మా గిన్నెలు, కుర్చీలు కిరాయికి తీసుకున్నారు. తిరిగి తెచ్చుకోవడానికి ఇద్దరం ఆటో ట్రాలీలో వెళ్లాం. చెట్ల కింద ఎటు చూసినా ప్లాస్టిక్ గ్లాసులు, ఎంగిలి ప్లేట్లు. నేను గిన్నెలు సర్దుతుంటే అక్క కొంగు నడుముకు చెక్కి గ్లాసులు ఏరసాగింది.

"మనం పారేసినమా అక్కా? మనకెందుకు?" అన్నాను.

"మన గిన్నెలల్ల వండుకొని తిన్నరు కదనే. నువ్వు గూడ ఓ చెయ్యెయ్యి," అంది.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాం. టెంట్లు వేసే పనివాళ్లు వచ్చారు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు వచ్చారు, తర్వాత మా వీధి టైలరు చేరాడు. మా బృందం అలా మొదలైంది. దానికి పేరు పెట్టాలన్న ఆలోచన చాలాకాలం ఎవరికీ రాలేదు. ఎండాకాలం వచ్చేముందు రాలిన ఆకు ఊడ్చి, మంట దాటకుండా చెట్ల మధ్య ఖాళీ బాటలు చేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అడవిలో పొగ లేచిందని ఫోన్ వచ్చింది. మర్నాటి పెళ్లికి పంపాల్సిన జంపఖానాలు అప్పటికే ట్రాలీలో ఉన్నాయి. అక్క వాటిని దింపనివ్వలేదు. పైన నీళ్ల డ్రమ్ములు ఎక్కించింది.

"పెళ్లోళ్లకు ఏం చెప్తవక్కా?"

"ఉన్నదే చెప్త. జంపఖానాలు ఇంకోకాడ దొరుకుతయ్."

బృందమంతా అక్కడికి చేరాక వాటిని తడిపి, ఇద్దరిద్దరం చెరో కొస పట్టుకుని మంటను కొట్టాం. పొద్దుగూకేసరికి ఆరింది. సగం అడవి నల్లబడింది, సగం మిగిలింది. అక్క కనుబొమలు కమిలిపోయాయి. పెళ్లివాళ్లు గట్టిగానే తిట్టారు. ఆమె ఎదురు చెప్పకుండా విని, వేరే టెంట్ హౌస్ నుంచి తనే జంపఖానాలు ఇప్పించింది.

గడ్డి అంటించింది గొర్ల కాపరి మల్లయ్య అని తెలిసింది. పోలీసులకు అప్పజెబుదామన్నాడు టైలరు. నాకూ అదే న్యాయమనిపించింది. అందరం అతని మంద దగ్గరికి వెళ్లాం. మల్లయ్య కర్ర పట్టుకుని బిగుసుకుని నిలబడ్డాడు. అక్క వెళ్లి అతని ఎదుట నేలమీద కూర్చుంది.

"కూసో అన్నా. ఎందుకు అంటువెట్టినవో చెప్పు."

కాసేపటికి అతనూ కూర్చున్నాడు. "ముదిరిన గడ్డి గొర్లు ముడ్తలెవ్వు చెల్లె. కాలవెడ్తే వానకు లేతది మొలుస్తది. గింత దూరం పోతదనుకోలె."

"ముదరకముందే కోద్దాం. మేం గూడ వస్తం."

"మీరు కోస్తరా?" నమ్మలేనట్టు మా అందరి ముఖాలూ చూశాడు.

వానలు వెలిశాక నిజంగానే వెళ్లి కోశాం. టైలరు చేయి కోసుకున్నాడు కూడా. మరుసటి ఎండాకాలం ఆకు ఊడ్చేందుకు మల్లయ్య తనంతట తనే వచ్చాడు, ఇంకో ఇద్దరు కాపరులను వెంటబెట్టుకుని. అడవి మళ్లీ అంటుకోలేదు.

జబ్బుపడ్డాక అక్క బృందాన్ని నాకు అప్పగించింది. ఎవరి మీదైనా కోపం వస్తే నిలబడే మాట్లాడేదాన్ని నేను. ఇప్పుడు ముందు కూర్చుంటాను. అది ఆమె పెట్టిన భిక్ష. మొన్న కాలేజీ పిల్లలు కొందరు తునికి చెట్ల కింద పొయ్యి పెట్టి చికెన్ వండుతున్నారు. విసవిసా వెళ్లాను, వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. కంగారుపడి నా చేతికీ ఒక ప్లేటు ఇచ్చారు. తిన్నాను. తింటూ, సగం కాలిన ఈ అడవి మళ్లీ ఎలా పచ్చబడిందో, ఆదివారాలు మేం వచ్చి ఏం చేస్తామో చెప్పాను. పొయ్యి మీద నీళ్లు వాళ్లే పోశారు. వెళ్లేముందు ఒకమ్మాయి అడిగింది: "ఆదివారం మేం గూడ రావొచ్చా ఆంటీ?"