చచ్చినవాడి తుమ్ము

పళ్ళ డాక్టరుకి మంచి సినిమా పడదు. చవగ్గా చుట్టేసిన గ్యాంగు సినిమాలు, ఒక్క ఆటకి కూడా హాలు నిండనివి, పేరు చెబితే తీసినవాడే తప్పుకుపోయేవి, అవంటే మాత్రం ప్రాణం. దాదా కొంపా పోలీసు స్టేషనూ ఒకటే గదై, గోడ మీద క్యాలెండరు మాత్రం మారిందా, లేచి నిలబడి చప్పట్లు కొడతాడు.

ఫ్రిజ్జులు బాగుచేసే బావమరిదికి ఈ పిచ్చి అంటించింది ఆయనే. బావమరిది ఏ పాత క్యాసెట్టు సంపాదించుకొచ్చినా, బావ దగ్గర అప్పటికే అట్టతో సహా ఉండేది. అదీ అతని కడుపుమంట.

ఈసారి మంట మరీ ఎక్కువైంది. గోడౌన్లో తూటా తగిలి చచ్చినవాడు హాయిగా తుమ్మే సినిమా ఒకటుంది. మిగిలింది ఒక్కటే క్యాసెట్టు. బావమరిది ఏళ్ళ తరబడి వెతుకుతుంటే, అది కాస్తా బావకి దొరికింది.

"ఒక్కసారి ఇవ్వు బావా!"

"ఇవ్వనురా. నేనింకా తుమ్ము దగ్గరే ఉన్నాను."

"వారం నుంచీ అదే తుమ్ము," అంది అక్క. "అన్నం దగ్గర కూడా 'ఆ నోరు ఎక్కడో చూశానే' అంటారు."

'ఈయనకేనా ఇంత అదృష్టం!' అని కుళ్ళిపోయాడు బావమరిది.

ఆదివారం వెళ్ళేసరికి, వీధి చివర తాళాలు బాగుచేసే ముసలాయన సోఫాలో కూర్చుని అదే సినిమా చూస్తున్నాడు! బావమరిదికి ఒళ్ళు మండిపోయింది.

తెర మీద శవం నోరు తెరిచి తుమ్మింది. డాక్టరు బొమ్మ ఆపాడు.

"ఆ వంకర పన్ను మీదే కదూ? మొన్న ఆస్పత్రిలో మీరు నోరు తెరిచినప్పుడే అనుమానం వచ్చింది."

"నేనే డాక్టరుగారూ," అన్నాడు ముసలాయన చిన్నగా. "సిమెంటు దుమ్ము ముక్కులోకి పోయింది. ఆ తర్వాత నన్నెవరూ వేషానికి పిలవలేదు. సినిమాలో వేశానంటే ఇంట్లో నమ్మరు కూడాను."

"ఆ తుమ్ము కోసం మేం కొట్టుకు చస్తున్నామండీ! కావాలంటే వీణ్ణడగండి." క్యాసెట్టు తీసి ఆయన చేతిలో పెట్టాడు డాక్టరు. "ఇంట్లోవాళ్ళకి చూపించండి. ఇది మీదే."

"బావా!" అని గావుకేక పెట్టాడు బావమరిది. డాక్టరు వినిపించుకోకుండా కాఫీ తేవడానికి లోపలికి పోయాడు.

ముసలాయనకి జాలేసింది. "బాధపడకు నాయనా," అంటూ నేల మీద పడి, కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని, చక్కగా చచ్చి, దిక్కులదిరేలా తుమ్మాడు.

డాక్టరు కప్పులతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటి? ఏం చేశారు? అయ్యో, నేను చూడనేలేదే!"

బావమరిదికి ప్రాణం లేచొచ్చింది.

"అబ్బ, ఏం తుమ్మారు బావా! సినిమాలో కన్నా బాగా తుమ్మారు!"