వంటింటి కిటికీ, పక్కవాళ్ల గోడ

మా అత్తయ్య కిందటి నెలలో పోయారు. పొద్దున్నే పప్పు కడిగి నానబెట్టి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని, కాసేపు నడుం వాలుస్తానన్నారు. మళ్లీ లేవలేదు. కష్టపడకుండా వెళ్లిపోయారని వచ్చినవాళ్లందరూ నాకు ధైర్యం చెప్పారు. అది నిజమే గానీ, ఆ పప్పు ముందు నేను చాలాసేపు ఏంచెయ్యాలో తెలియక నిలబడిపోయాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. అందులో మూడు మాటలు వంటింటి గురించే ఉంటాయి, ఏమీ అనుకోవద్దు.

మాది తణుకు దగ్గర. ఉద్యోగాల కోసం వచ్చి నగరం అంచున బహదూర్‌పల్లిలో చిన్న స్థలంలో ఒక్క అంతస్తు ఇల్లు కట్టుకున్నాం. వాయువ్యం మూలనున్న వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటుండదు. పడమటి వైపు ఒకే కిటికీ. చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటివాళ్ల రెండంతస్తుల గోడ, ప్లాస్టరింగ్ కూడా లేని సిమెంటు ఇటుకలతో నల్లగా. మా వంతుగా మేమూ ఆ కిటికీకి స్టీలు గిన్నెల స్టాండు తగిలించి, వండేటప్పుడు ఎవరి దిష్టీ తగలకుండా అద్దాలకి పాత పేపర్లు అంటించాం. అలమరలకి కాఫీ రంగు వేయించాం. పట్టపగలు ట్యూబులైటు వెలగాల్సిందే.

అలాంటి వంటింట్లో అత్తయ్యకి కళ్లలో నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలని చుక్కల మందు ఇచ్చారు. ఒకరోజు మూకుడు అంచు కనపడక ముంజేయి కాల్చుకున్నారు. ఆ సంగతి తెలిసి మా ఆయన అక్క, మా పెద్ద వదినగారు, కాకినాడ నుంచి ఫోన్ చేసి, ఇక అమ్మని పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వొద్దని నాకు గట్టిగా చెప్పారు. స్పీకరులో ఉందని ఆవిడకి తెలియదు. అత్తయ్య అంతా విని ఫోను వైపు వంగి, "కూర్చోబెట్టి వడ్డిస్తే చుట్టాలకి బాగుంటుందే. ఈ ఇంట్లో నేను చుట్టాన్ని కాను" అన్నారు.

కోపంగా అనలేదు. ఆవిడకి కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. వంటిల్లు వదిలేస్తే ఆవిడ సగం అయిపోతారని నాకు ఆ రోజే అర్థమైంది.

అప్పట్లో నేను ఫోనులో స్వీడన్, నార్వే దేశాల వంటిళ్ల ఫొటోలు చూస్తుండేదాన్ని. తెల్లటి గోడలు, లేతరంగు చెక్క, తలుపుల్లేని అరలు, వాటిలో నాలుగంటే నాలుగే గిన్నెలు. అత్తయ్యకి చూపిస్తే ఫోనుని ముక్కుకి ఆనించుకుని చూసి, అక్కడ ఎండ ఎక్కువా అని అడిగారు. చలికాలమంతా సరిగా తెల్లవారదని చెప్పాను. "అందుకే దొరికిన కాస్త ఎండనీ ఇంట్లోకి పిలుచుకుంటున్నారు. మనం ఎక్కువైందని బయటికి తోలేస్తున్నాం" అన్నారు. మర్నాడే కిటికీ పేపర్లు తనే గోకేశారు.

ఇక ఆగలేదు. స్టాండు దిగింది. వాడని గిన్నెలన్నీ కాలనీ వినాయక చవితి భోజనాలకి ఇచ్చేశారు. అరలకి లేతరంగు చెక్క, గోడలకి తెలుపు. తాలింపు పొగకి వారంలో పచ్చబడుతుందని వీధిలో ఆడవాళ్లు నవ్వారు. కాఫీ రంగు మీద మరక కనపడక ఏళ్ల తరబడి ఉంచుకున్నామనీ, ఇప్పుడు కనపడితే తుడుస్తామనీ అత్తయ్య జవాబు చెప్పారు. లైటు వెనకనుంటే తన నీడ తన చేతుల మీదే పడుతోందని సాయంత్రాలకోసం అర కింద లైటు పెట్టించారు. నేను ఉత్సాహంలో గట్టు మీది నల్లబండ కూడా తీసేసి తెల్లది వేయిద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. తెల్లబండ మీద పడ్డ బియ్యాన్ని నువ్వు ఏరతావా అన్నారు. నల్లబండ అలాగే ఉంది.

అంతా అయ్యాక కూడా వంటిల్లు మేము అనుకున్నంత తెల్లారలేదు. కారణం కిటికీలోంచి కనపడుతూనే ఉంది. మా డాబా మీదుగా పొద్దుటి ఎండ నేరుగా పక్కవాళ్ల గోడ మీదే పడుతుంది. ఆ నల్లటి గోడ దాన్ని అక్కడే మింగేస్తోంది. అత్తయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పక్కింటికి వెళ్లారు.

పక్కాయనది ఈ చుట్టుపక్కలే, అలియాబాద్. ఇంటి ముందు పిండి గిర్నీ నడుపుతాడు. మీ గోడకి మా ఖర్చుతో సున్నం వేయిస్తామని అత్తయ్య అడగ్గానే ఆయన ముఖం మారిపోయింది.

"ఇయ్యాల సున్నమేస్తరు, రేపు గోడ మాదే అంటరు. గిసొంటియి మస్తు జూసిన్నమ్మా" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. గజం స్థలం కోసం కోర్టులకెక్కే చోటు ఇది. అత్తయ్య వాదించలేదు. కాఫీ తాగి వెళ్లమని ఇంటికి పిలిచారు. వంటింట్లో లైటు ఆపేసి, మినుములు పోసిన పళ్లెం చేతికిచ్చి, మట్టిబెడ్డలు ఏరిపెట్టమన్నారు. గిర్నీ ఆయనకి అది చేతివాటు పని. కాసేపు కళ్లు చిట్లించి చూశాడు, పళ్లెం వంచాడు, చివరికి లేచి వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి వెళ్లాడు. అత్తయ్య కాఫీ కలిపారు. ఆయన తిరిగి వచ్చి కిటికీలోంచి తన గోడని కొత్తగా చూసినట్టు చూశాడు.

"గింత సీకటి నా గోడతోనా? ఏస్త అమ్మా. కని నా గోడకు నేనే ఏసుకుంట. మీరు చెయ్యి వెట్టొద్దు."

అన్నట్టే వెదురు కర్రకి బ్రష్ కట్టి, తనే సున్నం వేశాడు. ఆయనింట్లో ఏ కిటికీలోంచీ ఆ గోడ కనపడదు. అయినా తర్వాతి దసరాకి అడక్కుండానే మళ్లీ వేశాడు.

ఆ రోజు నుంచి పొద్దుటి ఎండ ఆ తెల్లగోడకి తగిలి మా గట్టు మీదికి దిగేది. అత్తయ్య గడియారం చూడటం మానేశారు. వెలుగు రెండో అరకి వస్తే కుక్కరు పెట్టేవారు. పులుసు గరిటెతో పైకెత్తి కిటికీ వైపు చూసి, రంగు సరిపోలేదంటూ ఇంకాస్త మరిగించేవారు. మళ్లీ చెయ్యి కాల్చుకోలేదు. ఆవిడ అలా నిలబడి వండుతుంటే చూడటం నాకెంతో ఇష్టంగా ఉండేది. ఆ మాట ఆవిడతో చెప్పాను కూడా. చూసింది చాలు, ఉల్లిపాయలు తరగమన్నారు.

వంటిల్లు మారాక వదినగారు, వాళ్ల మామగారు మంచాన ఉండటంతో, మా ఇంటికి రాలేకపోయారు. తల్లి వండుతూనే ఉందని ఫోనులో విని, నా మీద లోపల నొచ్చుకుంటూనే ఉన్నారని నాకు తెలుసు. అత్తయ్య పోయిన రోజు ఏడుస్తూ వచ్చి, కర్మలు అయ్యేదాకా ముందు గది దాటలేదు. పొయ్యి వెలిగించని రోజుల్లో పక్కింటి నుంచే అన్నం వచ్చేది.

అన్నీ ముగిసిన మర్నాడు పొద్దున వదినగారు మంచినీళ్ల కోసం మొదటిసారి వంటింట్లోకి వెళ్లారు. నేను గుమ్మంలో ఉన్నాను. నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బయటికి వస్తూ, పట్టపగలు లైటు వేసి వదిలేశామనుకుని ఆపడానికి స్విచ్ నొక్కారు.

లైటు వెలిగింది.

వదినగారు తలెత్తి దాని వైపు చూశారు. తర్వాత గట్టు వైపు, అరల వైపు చూశారు. చెయ్యి స్విచ్ మీదే ఉంది. కాసేపటికి మళ్లీ నొక్కి ఆపేశారు. వంటింట్లో వెలుగు ఏమీ తగ్గలేదు.