మా మిద్దె మన్ను

మట్టిమిద్దె తీయించి బండల మిద్దె వేయించిన ఏడు, ఇల్లు కట్టడం కంటే పాత ఇంటిని పారెయ్యడమే కష్టమని తెలిసింది. మిద్దె మీది మన్ను, గోడ పెళ్లలు, పుచ్చిన దూలాల తుక్కు కలిసి మా వాకిలి ముందు మనిషెత్తు కుప్ప అయింది. నేను హిందూపురం కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లలో నా గురించి మాట్లాడుకున్నదానికంటే ఆ కుప్ప గురించే వీధి ఎక్కువ మాట్లాడుకుంది.

బండివాడు రేపొస్తానన్నాడు. రోజూ అదే అన్నాడు. మా ఆయన పొద్దున్నే పంచె ఎగ్గట్టి, కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, దాన్ని కోపంగా చూసి లోపలికొచ్చేవాడు. ఆ రోజుకి పని అయిపోయినట్టే.

ఒకనాడు ఎదురింటి అవ్వ వచ్చింది. ఒంటి మనిషి. ఆమె ఇల్లు వీధికంటే మూరెడు పల్లంలో ఉండేది.

"ఏమప్పా, ఆ మన్ను నాకిస్తావా? వాకిట్లో పోసుకుంటా."

"అంతా నీదే అవ్వా, తీసుకుపో!" అన్నాడు మా ఆయన, మాన్యం రాసిచ్చినట్టు.

పది రోజులు ఆమె గంపతో మోసింది. ఈయన అరుగు మీద కూర్చుని, ఏ మూల ఎన్ని గంపలు పొయ్యాలో చెప్పాడు. కుప్ప పోయింది. "చూసినావా? బుద్ధుంటే బండ్లతో ఏం పని?" అన్నాడు నాతో. కొత్త గచ్చు మీద విత్తనం చెనక్కాయల మూటలు ఆరు పేర్చుకున్నాం. ఆ ఏడు సేద్యమంతా వాటి మీదే.

తొలివాన గట్టిగా కొట్టింది. వీధి నీళ్లు ఎప్పుడూ పోయే చోటికి పోయి, అక్కడ మిట్ట చూసి, వెనక్కి తిరిగి మా గడప దాటాయి. మా ఆయన పాదాలు మునిగే నీళ్లలో నిలబడి వానను తిట్టసాగాడు. వాన వినిపించుకోలేదు.

పిలవకుండానే అవ్వ వచ్చింది, చంకలో గోనెపట్టాలతో.

"నీళ్లు తరువాత తోడుకోవచ్చు. ముందు మూటలెత్తండి. అమ్మా, ఆ పట్టా మడిచి గడపకు అడ్డం పెట్టి, మన్నేసి తొక్కు."

ఐదు మూటలు దక్కాయి. ఒకటి నానిపోయింది.

"ఇదంతా నీకెట్ల తెలుసవ్వా?" అని అడిగాను.

"వానొచ్చినప్పుడంతా చేసేదే కదమ్మా. ఇన్నేండ్లూ ఈ నీళ్లు మా ఇంట్లోకే కదా వచ్చేవి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేది. రెండేళ్లు అదే అరుగు మీద కూర్చుని వాన చూసి, మా వీధిలో నీళ్లు నిలవవని పుట్టింటివాళ్లకు గొప్పగా చెప్పుకున్నదాన్ని నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఆయన చెంబు తీసుకుని నీళ్లు తోడసాగాడు.

అవ్వ చీర కొంగు పిండుకుంది. "మీ పొయ్యి తడిసిపోయుండాది. మా ఇల్లు పొడిగా ఉండాది. రాండి, ఆడ ఇంత సంగటి తిందురు."

వెళ్లాం. ఎదురెదురుగా ఉండి, ఆ ఇంట్లో నేను అడుగు పెట్టడం అదే మొదటిసారి.