పెద్దమ్మ పలకగలిగిన పేరు

మొన్న యాదగిరిగుట్టకు పోతున్న బస్సులో, ముందు సీట్లో కూర్చున్న కొత్త పెళ్లికూతురు ఏ జంకూ లేకుండా భర్తను పేరుపెట్టి పిలిచింది. నాకు కోపమైతే రాలేదు గానీ, మా పెద్దమ్మా, మా భజన మండలి వెబ్‌సైటుకు పేరు వెతికిన ఆ సాయంత్రమూ గుర్తుకొచ్చి, గుట్ట చేరేదాకా మనసు అక్కడే తిరిగింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా పెద్దబాపుకు, అంటే పెద్దమ్మ భర్తకు, గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ తర్వాత పాట ఉండకపోవచ్చని దవాఖానలో చెప్పారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని నేస్తూ నేస్తూ నరసింహస్వామి మీద ఆయన కట్టిన పాటలు ఆ గొంతుతోనే పోకూడదని మండలి వాళ్లమంతా ఆయనచేతే పాడించి రికార్డు చేయించాము. నకిరేకల్లులో కంప్యూటర్ దుకాణం నడిపే మా తమ్ముడు, వాటిని ఇంటర్నెట్టులో పెట్టాలంటే ముందు ఒక అడ్రసు కావాలన్నాడు.

నామాన్ని మించినది లేదని పురాణం వింటూ పెరిగినవాణ్ణి గనుక నేను స్వామి పేరే పెట్టమన్నాను. తమ్ముడు ఎన్ని రకాలుగా వెతికినా, ఎవరో ఒకరు ముందే తీసేసుకున్నారు. "అన్నా, దేవుని పేర్లన్ని అయిపోయినయే" అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ప్రహ్లాదుడు ప్రాణానికి తెగించి పలికిన నామం ఇంటి జాగాలాగా ఎవరి పేరనో ఉండడమేమిటో ఆనాడు నాకు అంతుపట్టలేదు.

చివరకు పెద్దబాపు పేరే పెడదామని అందరమూ ఒప్పుకున్నాము. స్వామి జన్మనక్షత్రమైన స్వాతి వచ్చిన ప్రతిసారీ గుట్ట చుట్టూ ప్రదక్షిణకు పోయి, ఆ పాటలు పాడుతూ నడిచేది పెద్దమ్మే గనుక, అడిగినవాళ్లకు అడ్రసు చెప్పవలసినదీ ఆమే. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న పెద్దమ్మ రాట్నం ఆపింది.

"మంచిగనే ఉన్నది కొడుకా. గని ఎవలన్న అడిగితే నేనేం చెప్పాలె? ఆయన పేరు నా నోట ఎన్నడన్న ఇన్నవా?"

"గింత వయసొచ్చినంక గూడ సిగ్గేందే వదినా!" అని మేనత్త ఆటపట్టించింది.

"సిగ్గు గాదే. పేరు పలికితె ఆయుష్షు తగ్గుతదంటరు. రేపో మాపో కత్తి కింద పండే మనిషి."

అప్పటికే బొంగురుపోయిన గొంతుతో పెద్దబాపే అన్నాడు: "నా పేరెందుకురా? పాట మగ్గం మీద పుట్టింది. మగ్గం పాట అని పెట్టుండ్రి."

తమ్ముడు వెతికితే అది ఎవరూ తీసుకోలేదు. పెద్దమ్మ ఒకసారి పైకి అని చూసుకొని, మళ్లీ రాట్నం తిప్పింది.

ఆపరేషన్ తర్వాత పాట పోయింది, కొన్నేళ్లకు మనిషీ పోయాడు. ఇప్పుడు అడ్రసు కొట్టే ఓపిక ఎవరికీ లేదు, ఫోనుతో నోటిమాట చెబితే చాలు. మా వాడలో చాలా మగ్గాలు ఆగిపోయాయి, కోడళ్లు భర్తలను పేరుతోనే పిలుస్తున్నారు, ఎవరి ఆయుష్షూ తగ్గినట్టు లేదు. కాపాడుకోవలసిన ఆయుష్షు ఇక లేకపోయినా పెద్దమ్మ మాత్రం ఆ పేరు పలకదు. స్వాతి నాటి పొద్దున ఫోను దగ్గరికి తీసుకొని "మగ్గం పాట" అంటుంది. అని, ఆయన బయటినుంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు చేసినట్టే, కొంగు తలమీదికి లాక్కొని ఎదురుచూస్తుంది.