పుట్టువెంట్రుకల కోసం ఆపిన ఆపరేషన్

మా మనవరాలి ఒంట్లో బాగాలేదన్న కబురు మొదట నా చెవిన వేసింది మా గల్లీ అంగన్‌వాడీ టీచర్ సుగుణ. పాపకు అప్పుడు మూడో నెల. తూకం వేయడానికి ఎల్.బి.నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. పాప ఫ్యాను కిందే పాలు తాగుతోంది. అయినా నుదురంతా చెమట. రెండు గుక్కలు తాగి ఆగుతోంది, ఎగపోస్తోంది, మళ్లీ తాగుతోంది.

"ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద లోపటికి గుంజుకపోతుంది సూడున్రి అమ్మా. పిల్లల డాక్టర్‌కు సూపెట్టున్రి" అంది సుగుణ.

"మా ఇంట్ల పిల్లలందరు సన్నమే. నీ దిష్టే తగిలేటట్టుంది, ఇగ పో" అన్నాను. ఆమె గడప దాటకముందే ఉప్పు, మిరపకాయలు తెచ్చి పాపకు దిష్టి తీశాను. సుగుణ చూసే ఉంటుంది.

కోడలు లావణ్య నాకు చెప్పకుండా పాపను డాక్టర్‌కు చూపించింది. గుండెలో మర్మర్, అంటే అదనపు చప్పుడు, వినిపిస్తోందని ఎకో పరీక్ష రాశారు. ఎకోకు నేనూ వెళ్లాను. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం. వీఎస్‌డీ అన్నారు.

"ఇది దానంతటది మూసుకునే సైజు కాదమ్మా. ఊపిరితిత్తులకి రక్తం ఎక్కువ పోతోంది, అందుకే ఆయాసం. మందులు వాడి చూద్దాం. బరువు పెరగకపోతే ఆపరేషన్ చేసి ప్యాచ్ వేసేద్దాం" అన్నారు డాక్టర్ మేడమ్.

బరువు పెరగలేదు. ఐదో నెలలో ఆపరేషన్‌కు డేట్ ఇచ్చారు. ఇక నేను చేసిన పని చెప్పాలి. బడికి పోలేదు నేను. పోచంపల్లిలో మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. సిగ్గుతో రాస్తున్నాను.

ఇంటి దేవుడు, గుట్ట మీది నరసింహస్వామికి పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా మా ఇంట్లో బిడ్డ ఒంటికి కత్తి తగలనివ్వం. గోళ్లు సైతం కత్తిరించం. తొమ్మిదో నెలలో ఇస్తానని పాప పుట్టిన నాడే మొక్కుకున్నాను.

"ఇప్పుడే పోయి ఇచ్చొద్దాం అత్తమ్మా. డేట్ పోతది" అంది లావణ్య.

"పోతే ఇంకోటి ఇస్తరు. మొక్కు తప్పితే బిడ్డకే సుట్టుకుంటది" అన్నాను. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో పనిచేసే నా కొడుకు తల వంచుకుని బండి తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

హాస్పిటల్‌కు నేనే ఫోన్ చేశాను. మొక్కు సంగతి చెబితే నవ్వుతారనిపించింది. మా ఇంట్లో చావు జరిగిందని చెప్పాను. "ఎక్కువ ఆలస్యం చేయకండి. లంగ్స్‌లో ప్రెషర్ బాగా పెరిగితే తర్వాత రంధ్రం మూయలేం" అన్నారు మేడమ్. ఆ మాట కొడుక్కీ కోడలికీ చెప్పలేదు.

ఏడో నెలలో పాపకు న్యుమోనియా వచ్చింది. ఆటో మూసారాంబాగ్ దాటేసరికి పెదవులు నీలం తిరిగాయి. ఎమర్జెన్సీలో చేతులకూ కాళ్లకూ నరం దొరకలేదు. "తల మీద సూడాలె. జర జుట్టు తియ్యాల్సొస్తది" అని నర్సు రేజర్ అందుకుంది. లావణ్య నా వైపు చూసింది.

"తియ్యమ్మా" అన్నాను.

చెవి పైన చారెడు మేర గీసి, సూది పెట్టి, ప్లాస్టర్ అంటించాక నర్సు అడిగింది: "పుట్టెంటికలా పెద్దమ్మా?" అవునన్నాను. వాటిని గాజుగుడ్డలో మడిచి నా చేతిలో పెట్టింది. "మా పిల్లగానివి గూడ గిట్లనే పోయినయ్. దేవునికి ఎరుకే తియ్యి."

మర్నాడు ఎకో చూసి మేడమ్ మా ముగ్గురినీ పిలిచారు. "ప్రెషర్ పెరిగింది. ఇంకా చేయొచ్చు, కానీ రిస్క్ ఎక్కువ. ఆ రోజు ఫోన్లో చెప్పాను కదమ్మా. మీ ఇంట్లో ఎవరో పోయారన్నారు..."

"మా ఇంట్ల ఎవ్వరు పోలే మేడమ్" అంది లావణ్య.

 

ఇన్ఫెక్షన్ తగ్గాక ఆపరేషన్ చేసి ప్యాచ్ వేశారు. ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. ఆరో రోజు పాప ఏడుపు విన్నాను. ఆపరేషన్ చేసిన సర్జన్ చేతులకు, నా స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

వార్డులో పక్క మంచం బడంగ్‌పేట్ వాళ్లది. వాళ్ల పాప సింధుకు ఎనిమిదేళ్లు. ఇలాంటి రంధ్రమే, కానీ ఆలస్యంగా బయటపడింది. ప్రెషర్ చేయి దాటింది కాబట్టి ఇక మూయలేమని, మందులతోనే నడపాలని చెప్పారు. "మీకెట్ల ఎరుకైంది అక్కా గింత చిన్నగున్నప్పుడే?" అని వాళ్లమ్మ అడిగింది.

"అంగన్‌వాడీ టీచర్ చెప్పింది."

"మాకు ఎవ్వరు చెప్పలే" అంది.

నేను పాప దుప్పటి సర్దాను.

ఇప్పుడు మా పాపకు మూడేళ్లు. మెట్లన్నీ తనే ఎక్కుతుంది. లావణ్య నాకు వేళకు అన్నం పెడుతుంది, హాస్పిటల్ ఫైలు మాత్రం తన బీరువాలోనే ఉంచుకుంటుంది. అది న్యాయమే. మొక్కు సంగతి ముందే చెప్పి ఉంటే ఆపరేషన్‌కు వారం ముందే గుట్టకు పోయి రమ్మనేదాన్నని మేడమ్ తర్వాత అన్నారు. అందుకే చెబుతున్నాను: పాలు తాగే బిడ్డకు చెమట పట్టి ఆయాసం వస్తే ఆగకుండా చూపించండి. డాక్టర్ ఇచ్చిన డేట్‌కు మీ ఇంట్లో ఏదైనా అడ్డముంటే, అది ఏదో నిజంగా చెప్పండి.

మీరు దేవుని ముందు కూర్చున్నప్పుడు మా పాపను తలచుకోనవసరం లేదు. బడంగ్‌పేట్ సింధును తలచుకోండి.